ఇంటి భాష, వీధి భాష



పోయిన నెల గుంటూరు జిల్లా నుండి ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు, కోడలు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రములోని హూస్టన్ పట్టణములో ఉంటున్నారు. మనుమడికి పదమూడేండ్లు. ఆ అబ్బాయికి బడిలో ఒకే ఒక ప్రాణ స్నేహితుడు. ఆ స్నేహితుని తలిదండ్రులు మెక్సికో దేశము నుండి వచ్చినవారు. తండ్రి ఇండ్ల పైకప్పులు వేసే పని చేస్తాడు. తల్లి ఇతరుల ఇండ్లు శుభ్రం చేస్తుంది. మనుమడు బడి విడిచినప్పటి నుండి చీకటి పడేవరకు ఆ ఇంట్లోనే ఉంటాడట. "మావాడికి ఇది ఇష్టము లేదు. ఆ జనమంతా కూలి పని చేసుకొనేవాళ్ళు, పిల్లలు చెడు సావాసాలు పడతారు అని అక్కడి మనవాళ్ళందరూ అంటున్నారు. ఆ స్నేహం మాన్పించమంటారా అయ్యగారూ?" అని ఆమె అడిగారు. చివర మరొక మాట చేర్చారు. "వాడు ఫోనులో నాతో నాలుగు తెలుగు మాటలు మాట్లాడడు గాని, ఆ ఇంటి ముసలమ్మను మాత్రం వాళ్ళ భాషలో నాయనమ్మా అని పిలుస్తాడట."

ఆమె బాధంతా ఆ చివరి మాటలోనే ఉన్నదని మాకు తోచింది. జవాబు వ్రాయడానికి ముందు, ఆ ఇల్లు ఎలాంటి ఇల్లో, అక్కడ బిడ్డలు ఎలా పెరుగుతారో తెలుసుకొనడం మంచిదనిపించింది. మన సంఘాలలో ఎన్నో కుటుంబాల పిల్లలు నేడు అమెరికాలో ఉన్నారు గనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయించాము.

మెక్సికో, క్యూబా, ప్యూర్టోరికో, సాల్వడార్, కొలంబియా వంటి చోట్ల నుండి వచ్చిన కుటుంబాలను అమెరికాలో లాటినోలు అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారము వీరు 6 కోట్ల 20 లక్షల మంది. దేశంలోని పిల్లల్లో నలుగురిలో ఒకరు ఈ ఇండ్లలోని బిడ్డే. అయితే సాల్వడార్‌లో పుట్టిన తల్లి తన ఊళ్ళో ఉన్నన్నాళ్ళు తానొక లాటినో అని అనుకొని ఉండదు. సరిహద్దు దాటిన తరువాత ఆ పేరు వచ్చి మీద పడింది. వెనుకటి రోజుల్లో మన పెద్దలు ఢిల్లీకో బొంబాయికో వెళ్ళినప్పుడు తెలుగువారా, తమిళులా అని అడగకుండా అందరినీ మదరాసీలు అన్నట్టే. ప్యూర్టోరికోవారైతే 1917 నుండి అమెరికా పౌరులే. అయినా బడిలో వారి పిల్లలను "మీ దేశం ఏది?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఆ ఇండ్లలో పెంపకం సంగతి వింటే మన పాఠకులకు అంతా తెలిసినట్టే ఉంటుంది. బిడ్డను మెచ్చుకోవాలంటే వారు "బియెన్ ఎదుకాదో" అంటారు. చదువుకున్నవాడు అని మాటకు మాట అర్థం చెప్పుకోవచ్చు గాని, వారు దానిని డిగ్రీలకు వాడరు. గదిలోకి వచ్చినప్పుడు అందరినీ పేరుపేరునా పలకరించేవాడు, పెద్దలు నిలుచుంటే లేచి కుర్చీ ఇచ్చేవాడు, అమ్మమ్మ పిలిస్తే విసుక్కోకుండా పలికేవాడు, వాడే బియెన్ ఎదుకాదో. మనము సంస్కారము అంటామే, అదన్నమాట. వారి భాషలో నువ్వు అనడానికి ఒక మాట, మీరు అనడానికి ఒక మాట ఉన్నాయి. కొన్ని ఇండ్లలో పిల్లలు తలిదండ్రులను మీరు అనే పిలుస్తారు, కొన్ని ఇండ్లలో నువ్వు అంటారు. ఇదీ మన ఊళ్ళలాగే.

బిడ్డకు బాప్తిస్మమిచ్చినప్పుడు జ్ఞానపితరులుగా నిలిచినవారు ఆ బిడ్డకు మాత్రమే బంధువులు కారు. బిడ్డ తండ్రీ జ్ఞానతండ్రీ ఒకరినొకరు "కొంపాద్రె" అని పిలుచుకుంటారు. సహతండ్రి అని దాని అర్థం. ఆడవారైతే "కొమాద్రె". ఆ పిలుపు బ్రతికినన్నాళ్ళు ఉంటుంది. వీరిలో రోమన్ కతోలికులు ఎక్కువ. పెంతెకొస్తు, బాప్టిస్టు సంఘాలలో ఉన్నవారు కూడా లక్షల్లోనే ఉన్నారు. ఆడపిల్లకు పదిహేనేండ్లు నిండితే "కిన్సెఅన్యేరా" చేస్తారు. మన ఓణీల వేడుక లాంటిదనుకోండి, కాని ఇది దేవుని మందిరములో కృతజ్ఞతతో మొదలై ఆ తరువాతనే విందుకు వెళుతుంది. ఖర్చు మాత్రము మనవాళ్ళ లాగానే తలకు మించి చేస్తారు. అప్పులు చేసి చేసేవారూ ఉన్నారు.

పదమూడేండ్ల అబ్బాయి అయితే తమ్ముళ్ళను బడి నుండి తీసుకొని రావాలి. ఆడపిల్ల చెల్లెలికి జడ వేయాలి, వంటింట్లో తల్లికి సాయపడాలి. పాశ్చాత్యులు కొందరు దీనిని చూచి, అయ్యో, ఈ పిల్లల బాల్యమంతా పనిలోనే పోతున్నదని జాలిపడ్డారు. లాస్ ఏంజిలిస్‌లో ఆండ్రూ ఫులిగ్ని అనే ఆచార్యుడు, ఆయనతో పని చేసినవారు కౌమార ప్రాయపు పిల్లలను రోజువారీగా ప్రశ్నలకు జవాబులు వ్రాయమని అడిగి పరిశీలించారు. ఇంటి పని చేసిన రోజు పిల్లల దిగులు పెరగలేదు. పైగా తాను మంచి కొడుకునని, మంచి కూతురునని అనుకొన్న బిడ్డలు ఆ రోజు మరింత సంతోషముగా ఉన్నారు. పని మోయలేనంత బరువైనప్పుడు సంగతి వేరు, అది మరి ఎక్కడైనా అంతే.

యేసు ప్రభువు పన్నెండేండ్ల వయసులో యెరూషలేములో వెనుక ఉండిపోయిన సంగతి మనకు తెలుసు. మరియ, యోసేపు ఒక దినప్రయాణం వరకు వెదకలేదు. ఎందుకు? పిల్లవాడు బంధువులలోనో, తెలిసినవారిలోనో ఉండి ఉంటాడనుకొన్నారు. అంతటి బంధువుల గుంపులో పెరిగిన బిడ్డ ఆయన. మెక్సికో నుండి వచ్చిన తల్లి ఆ వాక్యభాగం చదివితే ఆమెకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కాని హూస్టన్‌లో ఆమెకు ఆ గుంపు లేదు. అక్కచెల్లెండ్రు సరిహద్దుకు అవతల ఉన్నారు. ఇంటాయన తెల్లవారకముందే పనికి వెళ్ళిపోతాడు. పిల్లవాడు ఎక్కడో బంధువులలో ఉంటాడులే అనుకొని నిశ్చింతగా ఉండడానికి అక్కడ వీలు లేదు.

చిక్కు బడిలో మొదలవుతుంది. మందలించినప్పుడు తల దించుకొని నిలబడడం మర్యాద అని ఇంట్లో నేర్పుతారు. బడిలో ఉపాధ్యాయురాలు, "నా కళ్ళలోకి చూచి మాట్లాడు, తల దించుకొంటున్నావంటే ఏదో దాస్తున్నావు" అంటుంది. పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో అంటారు. నీ అభిప్రాయం ధైర్యముగా చెప్పు, చెప్పకపోతే మార్కులు రావు అని తరగతిలో అంటారు. తోటి పిల్లలు ఒకరి ఇంట్లో ఒకరు రాత్రి పడుకొనడం అమెరికాలో మామూలు. లాటినో తల్లి, "మనకు ఇల్లు లేదా? పరాయి ఇంట్లో ఎందుకు పడుకోవాలి?" అంటుంది. సోమవారము బడిలో అందరూ ఆ రాత్రి కబుర్లు చెప్పుకొంటుంటే ఆమె బిడ్డ వింటూ కూర్చుంటాడు. ఆడపిల్లల విషయములో కట్టుబాట్లు ఇంకా గట్టివి. అన్న పదింటికి వచ్చినా అడిగేవారుండరు, చెల్లెలు ఏడింటికే ఇంట్లో ఉండాలి. అక్కడి ఆడపిల్లలకు తలిదండ్రుల మీద ఉన్న కోపములో చాలా భాగము ఇక్కడిదే. ఇది అన్యాయమని మేము కూడా అంటాము. మన ఇండ్లలో ఇది లేదని మాత్రము అనలేము.

సిగ్గు అనేది ఇంతకన్నా లోతైనది. దీనికొక చరిత్ర ఉన్నది. టెక్సాస్‌లోనే, మెక్సికో సరిహద్దుకు అంత దూరము కాని మార్ఫా అనే చిన్న పట్టణములో మెక్సికన్ పిల్లలకు వేరుగా ఒక బడి ఉండేది. దాని పేరు బ్లాక్‌వెల్ స్కూలు. 1954లో ఆ బడిలో పిల్లల చేత స్పానిష్ మాటలు కాగితం ముక్కల మీద వ్రాయించి, పెట్టెలో పెట్టించి, ఆవరణలో గొయ్యి తీసి పూడ్పించారు. అంత్యక్రియలు జరిపినట్టే జరిపారు. స్పానిష్ భాషకు ఒక మనిషి పేరు పెట్టినట్టు పెట్టి, ఆ మనిషి చచ్చిపోయాడన్నారు. ఆ బడిలో స్పానిష్ మాట్లాడిన పిల్లలకు బెత్తముతో దెబ్బలు పడేవి. 1965లో ఆ బడి మూతపడింది. 2007లో, అప్పటికి తలలు నెరిసిన పూర్వ విద్యార్థులు మళ్ళీ ఆ ఆవరణలో కూడుకొని, మట్టిలోనుండి ఒక స్పానిష్ నిఘంటువును పైకి తీసి, తమ భాషను సమాధి నుండి లేపుకొన్నారు. 2022లో అమెరికా ప్రభుత్వము ఆ బడిని జాతీయ చారిత్రక స్థలముగా చేస్తూ చట్టము చేసింది.

దెబ్బలు తిన్న ఆ తరం వారు చాలామంది, తమ బిడ్డలకు ఆ బాధ రాకూడదని ఇంట్లో స్పానిష్ మాట్లాడడమే మానుకొన్నారు. ప్రేమతోనే మానుకొన్నారు. ఫలితమేమిటంటే, వారి మనుమలు నేడు మెక్సికో వెళితే అక్కడి బంధువులు "పోచో" అని ఎగతాళి చేస్తారు. తన భాష రానివాడని అర్థం. అమెరికాలోనేమో ఆ పిల్లల ముఖము, ఇంటిపేరు చూచి పరాయివారంటారు. ఇక్కడివాణ్ణీ కాను, అక్కడివాణ్ణీ కాను అని చెప్పుకొనడానికి వారి మధ్య ఒక నానుడే ఉన్నది.

ఇప్పుడు వచ్చిన కుటుంబాలలో మరొక బరువున్నది. తలిదండ్రులకు ఇంగ్లీషు రాదు, బిడ్డకు వచ్చును. కరెంటు బిల్లు వచ్చినా, ఇంటి యజమాని అద్దె పెంచుతున్నానని వచ్చినా, బడి నుండి ఫోను వచ్చినా మాట్లాడేది పదేండ్ల బిడ్డే. "మీ అబ్బాయి తరగతిలో అల్లరి చేస్తున్నాడని మీ అమ్మగారికి చెప్పు" అని ఉపాధ్యాయురాలు ఆ అబ్బాయితోనే అంటే, వాడు తల్లికి ఏమి చెపుతాడో మీరే ఊహించుకోండి. ఇది నవ్వుకొనే సంగతి. తల్లికి కడుపులో గడ్డ ఉన్నదని డాక్టరు చెప్పిన మాటను తల్లికి చెప్పవలసి వచ్చిన పన్నెండేండ్ల పిల్ల సంగతి అలా కాదు. అందుకే 2016లో అమెరికా ప్రభుత్వము, ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు అత్యవసరమైతే తప్ప పిల్లల చేత మాట తిప్పించకూడదని నియమము చేసింది. పిల్లలు దుబాసీలుగా ఉండడం చెడ్డది అని ఒక్కమాటలో కొట్టివేయలేము. ఇంటికి అక్కరకు వచ్చానని గర్వపడి, మాటకారితనమూ ఓర్పూ నేర్చుకొన్న పిల్లలు ఎందరో ఉన్నారు. అయితే ఇంట్లో పెద్ద ఎవరు, పిల్ల ఎవరు అన్నది తారుమారైనప్పుడు, బిడ్డ మనసులో తల్లి చిన్నదైపోతుంది. ఆ తరువాత ఆమె చెప్పే ఏ మంచి మాటా వాడి చెవికెక్కదు.

కొన్ని ఇండ్లలో భయము కూడా ఉన్నది. తండ్రికి దేశములో ఉండే అనుమతి పత్రాలు లేవు, బిడ్డ మాత్రము అక్కడే పుట్టిన పౌరుడు. అలాంటి బిడ్డలు లక్షల్లో ఉన్నారు. వారు స్నేహితులను ఇంటికి పిలువరు. మీ నాన్న ఏమి చేస్తాడు అంటే మాట మారుస్తారు. అంత చిన్న వయసులో అంత రహస్యము మోసే పిల్లవాడు బడిలో ముభావముగా ఉంటే, పొగరనుకొనేవారే ఎక్కువ. ఆ తల్లి వ్రాసిన ఉత్తరములోని ఇల్లు అలాంటిదో కాదో మాకు తెలియదు, అడగవలసిన పని కూడా లేదు. అయితే తన ఇంటి తలుపు తెరచి మీ మనుమని లోపలికి పిలుచుకొన్న పిల్లవాడు ఎంత నమ్మకముంటే పిలిచి ఉంటాడో ఆలోచించండి.

ఇక "చెడు సావాసాలు" అన్న మాటకు వద్దాము. ఈ విషయము పరిశోధించినవారు చాలామంది గమనించినదేమిటంటే, కొత్తగా వలస వచ్చిన కుటుంబాల పిల్లల్లో తాగుడు, దొంగతనము, కొట్లాటలు తక్కువ. అక్కడే పుట్టి, ఆ దేశపు తీరులో పూర్తిగా కలిసిపోయిన తరువాతి తరాలలోనే అవి ఎక్కువ కనబడ్డాయి. అంటే చెరుపు మెక్సికో నుండి మూటగట్టుకొని తెచ్చుకొన్నది కాదు. ఇంటి పట్టు జారిన తరువాత వచ్చింది.

ఇంటి పట్టు ఎలా జారుతుంది? 1970ల నుండి మయామీ విశ్వవిద్యాలయములో హోసే సపోచ్నిక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు క్యూబా నుండి వచ్చిన కుటుంబాలతో పని చేశారు. పిల్లలు కొత్త దేశపు తీరులోకి పరుగెత్తుతున్నారు, తలిదండ్రులు నిలుచున్నచోటే నిలుచున్నారు. పిల్లలు ఎంత ముందుకు పోతే పెద్దలు అంత గట్టిగా వెనుకకు లాగుతున్నారు, లాగిన కొద్దీ వారు మరింత దూరము పోతున్నారు. ఆయన ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, మీ పోరు ఒకరితో ఒకరికి కాదు, మీరిద్దరూ రెండు సంస్కృతుల మధ్య నలుగుతున్నారు అని చూపేవారు. తలిదండ్రులకు అమెరికా పద్ధతిలో మంచి ఏమున్నదో చూడడం నేర్పారు. పిల్లలకు క్యూబా పద్ధతిలో మంచి ఏమున్నదో చూడడం నేర్పారు. ఎవరినీ పూర్తిగా మారిపొమ్మనలేదు.

అలెహాంద్రో పోర్తెస్, రూబెన్ రుంబాట్ అనే ఇద్దరు పండితులు 1992లో మయామీ, శాన్ డియాగో ప్రాంతాల బడులలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను అయిదు వేలకు పైగా ఎంచుకొని, వారు పెద్దవారయ్యేవరకు వెంబడించి చూచారు. అందరూ వలస కుటుంబాల పిల్లలే, లాటినోలతో బాటు ఆసియావారు కూడా ఉన్నారు. ఇంగ్లీషుతో పాటు ఇంటి భాష కూడా బాగా వచ్చిన పిల్లలు తమను తాము ఎక్కువ గౌరవించుకొన్నారు, పెద్ద చదువుల మీద ఆశ పెట్టుకొన్నారు, తలిదండ్రులతో వారికి తగవులు తక్కువ. ఇంటి భాష మరిచిపోతేనే ఇంగ్లీషు వస్తుందనుకొన్న మార్ఫా బడివారికి ఇది ఎవరైనా వినిపించి ఉంటే బాగుండేది.

నెహెమ్యా గ్రంథము చివరి అధ్యాయములో ఒక సంగతి ఉన్నది. యూదుల బిడ్డలలో సగముమంది అష్డోదు భాష మాట్లాడుతున్నారని, యూదుల భాష వారికి రాదని నెహెమ్యా కనుగొన్నాడు. కోపముతో ఆ తండ్రులను శపించాడు, కొందరిని కొట్టి తలవెండ్రుకలు పెరికాడు. దైవభక్తుడైన నెహెమ్యాను తప్పుపట్టడానికి మేము తగినవారము కాము. అయితే, ఆ బిడ్డలు మరుసటి దినము నుండి యూదుల భాష మాట్లాడారని ఆ అధ్యాయములో ఎక్కడా లేదు. తిమోతి సంగతి చూడండి. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. రెండు భాషల ఇల్లు అది. అవ్వ లోయి, తల్లి యునీకే అతనికి చిన్ననాటి నుండి లేఖనాలు నేర్పారు. వెండ్రుకలు పెరికినట్టు ఎక్కడా వ్రాయబడలేదు. పౌలు అతనిని తన వెంట తీసుకొనిపోయినది గ్రీకు మాట్లాడే పట్టణాలకు. రెండు వైపులా పెరిగినవాడు గనుక రెండు వైపులా పనికివచ్చాడు.

ఇప్పుడు, అమ్మా, మీ ఉత్తరానికి వస్తాము.

స్నేహం మాన్పించవద్దు. పైకప్పులు వేసేవాని ఇల్లు కాబట్టి తక్కువది అనుకొనే మాట మన నోట రాకూడదు. మన ప్రభువు పెరిగినది వడ్లవాని ఇంట్లోనని మీ అబ్బాయికి మీరే గుర్తు చేయండి. ఈ మాట వ్రాయడానికి మాకు కొంచెము కష్టముగానే ఉన్నది. ఎందుకంటే విదేశాలలో ఉన్న మన తెలుగు క్రైస్తవ కుటుంబాలలో కూడా, ఇతర దేశాల కూలీలను చిన్నచూపు చూడడం మేము విన్నాము. ఊళ్ళో మన తాతలను ఎలా చూచేవారో అప్పుడే మరచిపోయామా?

మీ మనుమడు ఆ ఇంటికి ఎందుకు వెళుతున్నాడని మీరు అడిగారు. మీ అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగాల నుండి వచ్చేసరికి రాత్రి అవుతుందని మీరే వ్రాశారు. ఆ ఇంట్లో సాయంత్రము ఒక ముసలమ్మ ఉంటుంది. వచ్చిన బిడ్డకు ఏదో ఒకటి పెడుతుంది, తిన్నావా అని అడుగుతుంది, పాదరక్షలు అక్కడ వదిలినందుకు కసురుతుంది. ఆమె మీ చోటును దొంగిలించలేదమ్మా. మీరు అక్కడ ఉంటే ఏమి చేసేవారో అది చేస్తున్నది.

తెలుగు సంగతి మీ అబ్బాయితో మాట్లాడండి, మనుమడితో కాదు. ఫోనులో "తెలుగు రాదా, సిగ్గు లేదా?" అని మీరు అన్నారట, ఆ మాట ఇక అనకండి. రాని భాషలో తప్పులు మాట్లాడడానికి పదమూడేండ్ల పిల్లవాడికి ఎంత ధైర్యం కావాలో! మీరు నాలుగు ఇంగ్లీషు మాటలు తప్పుగా మాట్లాడి వాడి చేత దిద్దించుకోండి. వాడు మీ తెలుగులో నాలుగు తప్పులు చేస్తాడు, మీరు దిద్దండి. మీ చిన్నప్పటి ఊరు, చెరువు, క్రిస్మస్ రాత్రి ఇంటింటికీ తిరిగి పాడిన పాటలు, మీ నాయన బాప్తిస్మము పుచ్చుకొన్న సంగతి చెప్పండి. ఇవి వాడికి ఇంకెవరూ చెప్పలేరు.

వేసవికి హూస్టన్ వెళుతున్నామన్నారు గదా. వెళ్ళిన మొదటి వారములోనే అరిసెలు ఒక డబ్బాలో పెట్టుకొని, మనుమని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళండి. ఆమెకు తెలుగు రాదు, మీకు స్పానిష్ రాదు. మీ మనుమడు మీ మాటను ఇంగ్లీషులోకి మారిస్తే, ఆ పిల్లవాడు దానిని స్పానిష్‌లో వాళ్ళ నాయనమ్మకు చెపుతాడు. మధ్యలో ఏమేమి కలిపి చెపుతారో దేవునికే తెలియాలి. ఆమె మీకు మొక్కజొన్న పిండితో చేసినది ఏదో పెడుతుంది, కారముగా ఉంటుంది, మొహమాటపడకుండా తినండి. తిరిగి వచ్చాక ఏమి జరిగిందో మాకు తప్పక వ్రాయండి.